పునాదిలో మెట్లు బయటపడితే పూడ్చేముందు ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని ఒకసారి మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండలో తాతగారి నాటి ఇంటిని పడగొట్టి నాలుగంతస్తులు కట్టాలనుకున్నారు. పునాదులకు తవ్వుతుంటే ఐదడుగుల లోతున చెక్కిన రాతి మెట్లు, కుండ పెంకులు, నాలుగైదు రాగి నాణేలు కనబడ్డాయి. మేస్త్రీ "పూడ్చేద్దాం సార్, పదిమందికీ తెలిస్తే పని ఆగిపోతుంది" అన్నాడు. స్థలం ప్రభుత్వం పాలవుతుందని ఇంట్లో పెద్దల భయం. మీకేమో పూడ్చడానికి చెయ్యి రావడం లేదు. అందుకే అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా తవ్వకాల్లోనూ, పాత కట్టడాల మరమ్మతుల్లోనూ పనిచేశాను. వకీలును కాను కనుక చట్టం గురించి చెప్పినవాటిని ఒక వకీలుతో సరిచూసుకోండి. మిగతాది నా చేతులతో చేసిన పని, ధైర్యంగా చెప్పగలను.

ముందు ఈ రోజే చేయాల్సినవి చెబుతాను, కారణాలు తర్వాత. జేసీబీని ఆపించండి. పనంతా ఆపమనడం లేదు. మెట్లు కనబడ్డ మూలను చుట్టూ పది అడుగుల మేర తాడు కట్టి వేరు చేయండి, రెండో వైపు పని సాగించుకోండి. ఆ మూలలో ఇక గునపం, పలుగు వద్దు. దొరికినవాటిని కడగకండి. నాణేలనైతే అసలు తాకకపోవడమే మేలు. మన ఇళ్లలో రాగి, ఇత్తడి కనబడితే చాలు, చెయ్యి చింతపండు మీదికి పోతుంది. ఒకసారి పాతబస్తీలోనే ఒక ఇంటికి పిలిస్తే వెళ్లాను. పెరట్లో పదకొండు నాణేలు దొరికాయట. నేను వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దావిడ వాటిని చింతపండు, ఉప్పు వేసి తోమి, పళ్లెంలో వరసగా పేర్చి ఉంచింది. కొత్త రాగి చెంబులా మెరుస్తున్నాయి. చదువుదామని ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టుకుని చూస్తే ఎనిమిదింటి మీద అక్షరం అన్నది లేదు. నాణెం మీద పట్టిన ఆకుపచ్చ చిలుములోనే చాలాసార్లు అక్షరాల అంచు నిలిచి ఉంటుంది, చిలుమును తోమేస్తే దానితోపాటే అక్షరమూ పోతుంది. ఆవిడ మర్యాదగా, అతిథికి శుభ్రంగా చూపించాలని చేసిన పని అది. ఏమనగలను? చాయ్ తాగి వచ్చేశాను.

దొరికినవాటిని ఎండలో పెట్టవద్దు. ప్లాస్టిక్ సంచిలో కట్టి మూతి బిగించవద్దు, లోపల చెమ్మ చేరి రాగి మరింత తినేస్తుంది. కాగితం పొట్లాల్లోనో, పాత గుడ్డ సంచుల్లోనో వేయండి. ఒక్కో పొట్లం మీద పెన్సిలుతో తేదీ, ఏ మూలలో, ఎంత లోతున దొరికిందో రాయండి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

లోతు కొలవడం సంగతి. "ఐదడుగుల లోతు" అన్నారు. ఎక్కడి నుంచి ఐదడుగులు? ఇప్పుడు నేలంతా తవ్వి గుట్టలు పోసి ఉంటుంది, రేపు వానొస్తే ఆ గుట్టలు ఉండవు. కదలని గుర్తు ఒకటి పెట్టుకోవాలి. పక్కింటి గోడ మీదో, ఇంకా పడగొట్టకపోతే మీ పాత గడప రాయి మీదో రంగుతో ఒక గీత గీయండి. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం ఉంటుంది, గోడలకు మట్టం చూసేది. ఒక కొస ఆ గీత దగ్గర పట్టుకుని, రెండో కొసను గోతి దగ్గర నిలబెట్టిన కర్రకు ఆనించి నీటి మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి కిందికి టేపు వదలండి. అంతే. మా తవ్వకాల్లో ఖరీదైన పరికరాలతో చేసేదీ ఇదే, కాకపోతే మా కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. మీకు అరంగుళం తేడా ఉన్నా నష్టం లేదు.

ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, ఫోన్లో దిక్సూచి చూసి ఉత్తరం వైపు ఒక బాణం గుర్తు ఉంచండి. పై నుంచి ఒకటి, నాలుగు వైపుల నుంచి నాలుగు. మనుషులు లేకుండా తీయండి, మెట్ల మీద పిల్లల్ని నిలబెట్టి తీసిన ఫొటోలు కావాలంటే ఆ తర్వాత తీసుకోవచ్చు.

ఇంత తతంగం ఎందుకని మీ మేస్త్రీ అడుగుతాడు. అతనికి ఇలా చెప్పండి: చౌహద్దులు రాయని దస్తావేజు పట్టుకుని ఎవరైనా స్థలం కొంటారా? తూర్పున ఏముంది, పడమర ఏముంది అని లేకపోతే ఆ కాగితం ఏ నేలదో ఎవరికి తెలుస్తుంది? నాణెమైనా, పింగాణీ ముక్కయినా అంతే. పైన ఏ పొర, కింద ఏ పొర, పక్కన ఏమేమి ఉన్నాయన్నవే దాని చౌహద్దులు. అవి పోయాక ఆ నాణెం పాత సామాన్ల దుకాణంలో గాజుపెట్టె కింద ఉన్న మరో నాణెంతో సమానం.

గోతి గోడను నిలువుగా శుభ్రంగా చెక్కించి, కాస్త నీళ్లు చిలకరించి, ఉదయం ఎండ వాలుగా పడేటప్పుడు చూడండి. రంగులు విడివిడిగా కనబడతాయి. పాతబస్తీ ఇళ్లలో మామూలుగా ఇలా ఉంటుంది: అన్నిటికన్నా పైన సిమెంటు, ఇనుప చువ్వల ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు ఉన్న చెత్తపొర. దాని కింద విరిగిన ఇటుకలు, తెల్లగా సున్నం పెళ్లలు కలిసిన పొర, అంటే ఎప్పుడో ఒక ఇల్లు పడగొట్టి చదును చేశారన్నమాట. ఇంకా కింద బూడిద, బొగ్గు, ఎముకలు, కుండ పెంకులు, అది ఎవరి వంటింటి వెనకో పోసిన చెత్త. ఆ కింద ఎర్ర మొరం. మొరంలో పెంకు కూడా దొరకడం మానేసిందంటే మనిషి పాదం పెట్టకముందు నేల దాకా వచ్చారని అర్థం. మూసీకి దగ్గరగా, అఫ్జల్‌గంజ్ వైపు తవ్విన గోతుల్లో మధ్యలో నున్నటి బూడిదరంగు ఒండ్రు మట్టి పొర తగులుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మింగి, ఊరి మీద పరిచిపోయిన బురద అలాంటి పొరగానే మిగులుతుంది. మొదటిసారి దాన్ని చేత్తో ముట్టుకున్నప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. మీ శాలిబండ ఎత్తు, మూసీకి దూరం కూడా. మీకు ఆ పొర కనబడకపోతే కంగారు పడకండి.

ఇప్పుడు నాణేల వాడకం చూడండి. ఒక పొరలో దొరికిన వస్తువుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, ఆ పొర దానికన్నా పాతది కాజాలదు. నాణేల మీద చార్మినార్ బొమ్మ ఉంటే అవి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి చివరి ఏళ్లవి, లేదా ఆ తర్వాతివి. అలాంటి నాణెం మెట్ల మీద పేరుకున్న పూడిక అడుగున దొరికితే, ఆ మెట్లను పూడ్చింది 20వ శతాబ్దంలోనే. మెట్లు కట్టింది ఎప్పుడో మాత్రం అది చెప్పదు! ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే నాణెం మెట్టు రాయి కిందనో, సున్నం లోపలనో ఇరుక్కుని దొరికిందనుకోండి, అప్పుడు కట్టడమే ఆ తర్వాతిది. చూశారుగా, అదే నాణెం, జానెడు పైన ఉందా కింద ఉందా అన్నదాన్ని బట్టి కథ మొత్తం మారిపోయింది. బొమ్మ లేకుండా మందంగా, అంచులు సమంగా లేకుండా, సుత్తితో కొట్టి అచ్చువేసినట్టున్న రాగి ముక్కలైతే ఇంకా పాతవి కావచ్చు. ఇలాంటి రాగి నాణేల్లో ఒకదాని పేరు నుంచే మనం ఇవాళ రూపాయలకీ, బ్యాంకు ఖాతాలో అంకెలకీ కూడా వాడుతున్న 'డబ్బు' అనే మాట వచ్చింది.

పెంకుల్లో తెలుపు మీద నీలిరంగు పువ్వులున్న పింగాణీ ముక్కలుంటే వేరే పొట్లంలో పెట్టండి. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం రేవు ఉండేది, చైనా సరుకు ఆ దారిన కూడా వచ్చేది. పాతబస్తీలో గోరంత పింగాణీ ముక్క దొరికినా అది ఎవరి భోజనాల గది నుంచి వచ్చిందోనని నేను ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను. అన్నీ అంత పాతవి కావు లెండి, నిన్నమొన్నటి కప్పు సాసర్లు కూడా నీలంగానే ఉంటాయి. అడుగు భాగం ముక్క దొరికితే తేల్చడం తేలిక.

అసలు మెట్లు ఐదడుగుల కిందికి ఎలా పోయాయన్నది మీ రెండో ప్రశ్న. అవి కిందికి పోలేదు, ఊరే పైకి లేచింది. పాతబస్తీ గల్లీల్లో నడిచేటప్పుడు పాత ఇళ్ల గడపలు గమనించండి. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్తున్నాం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దాని మీదే కొత్తది పోస్తారు. కూలిన ఇంటి మట్టిని బయటికి మోయించడం ఖర్చు కనుక అక్కడే పరిచి కొత్త ఇల్లు కడతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించి ఊరు వేసిన నాటి నుంచీ ఇదే వరస.

ఊరికి 1591 అని ఒక తేదీ చెప్పుకుంటాం కానీ మనుషులు అంతకు ముందు నుంచే ఇక్కడ ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక చైతన్యపురిలో ఇళ్ల మధ్య ఒక బండ మీద ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన వంశపు రాజు గోవిందవర్మ పేరు మీద వెలసిన బౌద్ధ విహారాన్ని అది చెబుతుంది. అంటే చార్మినార్‌కు వెయ్యేళ్లకు పైగా ముందు మూసీ ఒడ్డున భిక్షువులు ఉన్నారు. బోయినపల్లి దగ్గర హష్మత్‌పేటలో ఇనుప యుగం నాటి రాతి సమాధులు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ల ఊరు అని బోర్డులు పెట్టుకున్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వొస్తుంది.

మీ మెట్ల దగ్గరికి వద్దాం. ఇవి చాలావరకు రెంటిలో ఒకటై ఉంటాయి: నేలమాళిగ లేదా దిగుడుబావి. ఎలా తెలుసుకోవాలంటే, మెట్టు రాయి అంచును చేత్తో తడిమి చూడండి. బావి మెట్లయితే తడికాళ్లతో ఎక్కి దిగిన చోట మధ్యలో రాయి నున్నగా అరిగి పల్లంగా ఉంటుంది. పక్కగోడల్లో దీపం పెట్టుకునే చిన్న గూళ్లు రెంటిలోనూ ఉంటాయి, అవి చూసి తేల్చలేం. గోడ పైవరస రాళ్ల అంచున నిలువుగా వేలి మందాన గాడులు ఉన్నాయేమో చూడండి, తాడు రాపిడికి పడినవి. అవి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పెద్ద బావులకైతే ఒక పక్క ఎడ్లు నడిచే వాలు, మోట తిరగబోసే రాతి తొట్టి, అక్కడి నుంచి నీళ్లు పోయే మట్టి గొట్టాలు కూడా దొరకవచ్చు. ఇంటి పెరటి బావికి అంత హంగామా ఉండదు. చివరి గుర్తు: పూడిక మట్టి పిడికిట్లో పట్టి నొక్కండి. ఎండాకాలంలో కూడా ముద్ద కడుతోందంటే కింద ఊట ఉండవచ్చు.

ఒకటి గట్టిగా చెబుతున్నాను: ఎన్ని మెట్లు ఉన్నాయో చూద్దామని మీరు తవ్వకండి. ప్రాణాపాయం మొదటి కారణం. పూడిన బావిలో మట్టి మెత్తగా ఉండి ఒక్కసారిగా జారుతుంది, లోపల గాలి కూడా ఆడదు. పునాది కోసం తవ్వుకోవడం వేరు, పాత వస్తువుల కోసం తవ్వడం వేరు. రెండోది అనుమతి ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

ఇక చట్టం. పెద్దవాళ్ల భయం కొంత నిజం, చాలావరకు అపోహ. నాలుగు మెట్లు కనబడినంత మాత్రాన ఏ స్థలమూ రక్షిత కట్టడం అయిపోదు. దానికి నోటిఫికేషన్ ఇవ్వాలి, కేంద్రం పరిధిలోని 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అయితే అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. పాతబస్తీలో ఇలాంటి ఇంటి బావి ఒక్కదాన్ని ఆ స్థాయికి తీసుకువెళ్లడం నేను చూడలేదు. మీరు నిజంగా చూసుకోవాల్సింది మరొకటి: 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. చార్మినార్ అలాంటిదే. శాలిబండ అంత దగ్గర కాదు కనుక దాని వల్ల మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. చుట్టుపక్కల వేరే రక్షిత కట్టడం ఉందేమో మాత్రం ప్లాను గీసిన ఇంజినీరును అడగండి.

నాణేలకు వేరే చట్టం, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. నేలలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలంటే ఇవాళ ఇరానీ చాయ్ కూడా రాదు, కానీ చట్టంలో అంకె అదే. ఏమి దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చెప్పకుండా దాచితే వాటా పోవడమే కాదు, జైలు శిక్ష కూడా పడవచ్చు. విచారణలో వేరే హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పాతిక వంతు, స్థలం యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఇంకో సంగతి గమనించారా? దొరికించుకున్నవాడంటే గునపం పట్టుకున్న కూలీ కూడా కావచ్చు. అతని చేతిలో వందో రెండు వందలో పెట్టి మాట మూయించే యజమానులను చాలామందిని చూశాను. ఆ కూలీ పేరు కూడా అర్జీలో రాయండి.

2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచరు కోసం నేల చదును చేస్తుంటే లోహపు బిందెలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. జనం విరగబడ్డారు, పూజలు మొదలయ్యాయి, బంగారం ఎన్ని తులాలని అన్ని చానెళ్లలోనూ లెక్కలు. ఆ బిందె నేలలో ఏ పొరలో ఉంది, దాన్ని పాతడానికి తీసిన గొయ్యి ఏ మట్టం నుంచి మొదలైంది అన్నవి ఎవరూ అడగలేదు. ఎప్పుడు పాతారో చెప్పగలిగేది ఆ గొయ్యి ఒక్కటే.

హైదరాబాదు సంగతికి వస్తే, ఇక్కడ రక్షణ అంటే ఎప్పుడూ నేల మీద నిలబడి ఉన్నవాటి గొడవే. 1995లో హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో పదమూడో నిబంధన చేర్చి వారసత్వ కట్టడాల జాబితా పెట్టారు. 2015లో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ భవనాన్ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ఇవన్నీ మంచి పోరాటాలే, నేనూ వాటి వెనక నిలబడ్డవాణ్ణే. కానీ ఇంత పెద్ద ఊళ్లో ప్రతిరోజూ వందల చోట్ల పునాదులు తవ్వుతున్నారు, ఆ గోతుల్లోకి తొంగి చూసే ఏర్పాటు మాత్రం లేదు. లండన్‌లో కూడా ఒకప్పుడు ఇంతే. 1989లో షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ నాటకశాల పునాదులు ఒక ఆఫీసు భవనం పనుల్లో బయటపడి పెద్ద రభస అయింది. మరుసటి ఏడాది ప్రభుత్వం కట్టేవాళ్లకు ఒక మార్గదర్శకం ఇచ్చింది, పాత నగరం మీద కట్టేటప్పుడు ముందుగా పురావస్తు పరిశీలన చేయించి ఆ ఖర్చు కట్టేవాళ్లే భరించాలన్నది దాని సారం. ఆ పద్ధతి వల్లే తర్వాత ఒక పెద్ద సంస్థ భవనం పునాదుల్లో రోమన్ల కాలం నాటి చెక్క పలకల మీది రాతలు నాలుగు వందలకు పైగా దొరికాయి. అప్పు పత్రాలు, లెక్కలు, ఉత్తరాలు. మన దగ్గర అలాంటి నియమం వచ్చేదాకా మీలాంటి ఇంటివాళ్ల మనసు మీదే అంతా ఆధారపడి ఉంది, దాన్ని రక్షణ అనలేం.

తెలియజేయడానికి గన్‌ఫౌండ్రీలోని హెరిటేజ్ తెలంగాణ, అంటే రాష్ట్ర పురావస్తు శాఖ, కార్యాలయానికి వెళ్లండి. ఫోన్ చేసి ఊరుకోకండి, ఫొటోలు ముద్రించి, కాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి. ఒకసారి మూసీ దగ్గరి ఒక ఇంటి విషయంలో మేం నోటిమాటగా చెప్పి, వాళ్లు వస్తామంటే నమ్మి పది రోజులు ఆగాం. పదకొండో రోజు పొద్దున వెళ్లేసరికి కాంట్రాక్టరు కాంక్రీటు పోసేశాడు. కాగితం ఉంటే కనీసం అడగడానికి నోరుండేది. అందుకే చెబుతున్నాను, వాళ్లు వచ్చినా రాకపోయినా మీ కొలతలు, ఫొటోలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఏదైనా విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ నుంచి ఒక అధ్యాపకుణ్ణి కూడా పిలవండి. విద్యార్థులతో వస్తే ఒక్క పూటలో గోతి గోడ మొత్తం గీసి పెడతారు.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. పాత దస్తావేజులు బయటికి తీయండి. ఉర్దూలోనో ఫారసీలోనో ఉంటే చదివేవాళ్లు పాతబస్తీలో ఇంకా ఉన్నారు. చౌహద్దుల్లో "ఉత్తరాన ఫలానావారి బావి" అని ఒక్క మాట ఉంటే మీ మెట్ల వయసు సగం తేలినట్టే. 1908 వరద తర్వాత ఊరిని కొత్తగా తీర్చిదిద్దడానికి ఒక సర్వే జరిగింది, లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1911 నుంచి 1915 దాకా. గల్లీలు, ఇళ్ల గోడలు, బావులు గీసిన పటాలు అవి. మీ ఇంటి పటంలో బావి గుర్తు ఉంటే అప్పటికి అది తెరిచి ఉందన్నమాట, లేకపోతే అప్పటికే మూసేశారని అనుమానించాలి. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో కూడా పాత కాగితాలు వెతకవచ్చు. ఇవన్నిటికన్నా ముందు మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, "చిన్నప్పుడు ఈ మూలకు పోవద్దని మిమ్మల్ని ఎవరైనా బెదిరించేవారా?" అని. పూడ్చిన బావుల మీద దయ్యం కథలు పుడతాయి. ఒకసారి కాదు, మూడుసార్లు నాకు ఆ కథే బావి చోటు చూపించింది.

ఇప్పుడు మేస్త్రీ సలహాకు వద్దాం. చరిత్రను పక్కన పెట్టి ఇంజినీరు కళ్లతో చూసినా పూడ్చేయడం తెలివైన పని కాదు. అది బావే అయితే, శిథిలాలతో నింపి దాని మీద స్తంభం లేపితే, ఆ పూడిక ఏళ్ల తరబడి దిగబడుతూనే ఉంటుంది. మొదట టైల్స్ కదులుతాయి, తర్వాత గోడ మూలల్లో ఏటవాలు పగుళ్లు వస్తాయి. కనుక ఎలాగూ ఆ చోటును తప్పించి స్తంభాలు జరపాల్సిందే. ప్లాను ఇంకా కాగితం మీదే ఉంది కదా, స్తంభాల వరస అటూ ఇటూ జరిపి, బావి చోటును ఇంటి పక్కన వదిలే ఖాళీ జాగాలోకో, నడిమి వాకిలిలోకో వచ్చేలా గీయమనండి. వాన నీటి గుంత ఎలాగూ కట్టాలి. ఊట ఉన్న బావిని శుభ్రం చేయించి డాబా నీళ్లు వడగట్టి అందులోకి వదిలితే, గుంత కన్నా అది మేలు. పైన బలమైన ఇనుప జాలీ వేయండి, పిల్లలున్న ఇల్లు.

ఇది ఊహ కాదని నమ్మకం కలగాలంటే సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట బావికి వెళ్లి రండి. ఏళ్ల తరబడి చెత్తకుప్పగా పడి ఉన్న దిగుడుబావిని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బావోలీ అనే దిగుడుబావి గోడ 2013 వానల్లో కూలింది, దాన్ని మళ్లీ పాత పద్ధతిలోనే నిలబెట్టారు. అక్కడి బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. వెళ్లినప్పుడు రాళ్ల మధ్య అతుకులు చూడండి, సిమెంటు ఉండదు. మీరు కూడా ఆ మెట్లకు సిమెంటు తగలనివ్వకండి. పాత రాతిగోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపల ఉప్పు పేరుకుని రాతి ముఖమే పెచ్చులుగా లేచిపోతుంది. గానుగ సున్నం వాడండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి నానబెట్టే పని అది, చేసే మేస్త్రీలు తక్కువే అయినా ఊళ్లో ఉన్నారు. ఖర్చు ఎక్కువని అంటారు, నిజమే. ఆ కొద్ది మెట్లకు ఎక్కువ, అంతే కదా.

మీ పాత ఇల్లు పడగొట్టవద్దని నేను అనడం లేదు. గోడలు కూలే ఇంట్లో చరిత్ర కోసం ఎవరూ కాపురం చేయలేరు. కానీ పడగొట్టే ముందు ఒక్క రోజు కేటాయించి ప్రతి గదినీ కొలిచి, తలుపు చట్రాలు, గచ్చు పని, గూళ్లు ఫొటో తీసి ఉంచండి. మిగిలిన గోడలతో అది ఇంకా సాధ్యమే అనుకుంటున్నాను. టేకు దూలాలు పాత కలప దుకాణానికి పోతే పోనివ్వండి, ఏ దూలం ఏ గదిలోదో మాత్రం సుద్దతో రాసి ఒక ఫొటో తీసుకోండి.

ఈ రాత్రి వాన పడేలా ఉంది కనుక మెట్ల మీద టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టించండి. వాననీళ్లు గోతిలోకి దిగకుండా చుట్టూ చిన్న గట్టు వేయిస్తే చాలు. రేపు ఫొటోలు పెట్టినప్పుడు రెండు విషయాలు తప్పకుండా రాయండి: మెట్లు ఏ దిక్కుకు దిగుతున్నాయి, ఇప్పటికి కనబడుతున్న చివరి మెట్టు దగ్గర మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా.